పాత లెక్కల ప్రోగ్రాం, కొత్త విండోస్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మంచినీటి పైపులైన్ల లెక్కకు 1990ల్లో వాడిన డాస్ ప్రోగ్రాం ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో నొక్కితే ఈ పీసీలో ఈ యాప్ నడవదంటోంది. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో అన్నీ మార్చి చూశాను. ఏం చేయాలి?
– రిటైర్డ్ ఇంజనీరు, ఏలూరు

జవాబు: ఆ ట్యాబ్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదండి. మీది 16 బిట్ ప్రోగ్రాం. అలాంటి వాటిని నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం 32 బిట్ విండోస్‌లో ఉండేది, 64 బిట్‌లో దాన్ని పెట్టనే లేదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 32 బిట్ విండోస్ 10లో పని జరిగేది కానీ, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

మీకు పనికొచ్చేది డాస్‌బాక్స్, అంటే విండోస్‌లోనే పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రాం. ఉచితం. ముందుగా డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి ప్రోగ్రాం ఫైళ్లన్నీ అందులో వేయండి. పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. నీరు అని పెట్టారనుకుందాం. డాస్‌బాక్స్ తెరిచి 'మౌంట్ సి డి:\నీరు' అని ఇంగ్లీషులో కొట్టండి. తర్వాత 'సి:' అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఫోల్డరే ప్రోగ్రాంకి సి డ్రైవ్‌గా కనిపిస్తుంది. డిస్క్‌లో చోటు లేదని ప్రోగ్రాం మొరాయిస్తే మౌంట్ లైను చివర '-ఫ్రీసైజ్ 500' చేర్చండి. 500 ఎంబీ ఖాళీ ఉన్నట్టు చూపిస్తుంది. రోజూ కొట్టక్కర్లేకుండా ఈ లైన్లను కాన్ఫిగరేషన్ ఫైల్లో చివరనున్న ఆటోఎగ్జెక్ భాగంలో రాసుకోండి.

అసలు సి డ్రైవ్ మొత్తాన్ని మాత్రం మౌంట్ చేయకండి. లోపల ఏది చెరిపినా నిజంగానే చెరిగిపోతుంది.

లెక్క నత్తనడక నడుస్తుంటే కంగారు పడొద్దు. డాస్‌బాక్స్‌లో వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్ పేరు సైకిల్స్. అది 'ఆటో'లో ఉంటే మామూలు డాస్ ప్రోగ్రాములకు దక్కేది 3000 మాత్రమే. కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కితే వేగం పెరుగుతుంది, కంట్రోల్, ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది.

ప్రశ్న: డాస్‌బాక్స్‌లో సైకిల్స్ 'మ్యాక్స్' పెట్టగానే మా బీమ్ డిజైన్ ప్రోగ్రాం 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని చూపించి ఆగిపోతోంది. సున్నాతో భాగించినందుకు వచ్చే ఎర్రరట అది. నా డేటాలో సున్నా ఎక్కడా లేదు.
– సివిల్ విద్యార్థి, వరంగల్

జవాబు: తప్పు మీ డేటాది కాదు. ఆ ప్రోగ్రాంని టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ సాధనంలో రాసి ఉంటారు. అందులో తెర, కీబోర్డు పనులు చూసే సీఆర్‌టీ యూనిట్ మొదలవగానే కంప్యూటర్ వేగాన్ని కొలుస్తుంది. గడియారం ఒక్కసారి టిక్కుమనే 55 మిల్లీసెకన్లలో ఒక లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యను 55తో భాగిస్తుంది. జవాబు 16 బిట్లలో, అంటే 65,535 లోపు పట్టాలి. ప్రాసెసర్ మరీ వేగంగా ఉంటే పట్టదు. పట్టకపోయినా, సున్నాతో భాగించినా ప్రాసెసర్ ఇచ్చే సంకేతం ఒకటే, ప్రోగ్రాం దానికి 200 అని పేరు పెడుతుంది.

ఈ కొలత మొదట్లో ఒక్కసారే జరుగుతుంది. సైకిల్స్ 10000 దగ్గర పెట్టి ప్రోగ్రాం తెరవండి. మెనూ కనిపించాక వేగం ఎంత పెంచినా అడ్డు చెప్పదు.

ప్రశ్న: ప్రింటౌట్ రావడం లేదు. అవుట్‌పుట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పట్టికలన్నీ పిచ్చి అక్షరాలు.
– కన్సల్టెంట్, విజయవాడ

జవాబు: మామూలు డాస్‌బాక్స్‌లో ప్రింటర్ సదుపాయం లేదు. ప్రోగ్రాంలో ప్రింటర్ బదులు ఫైల్ ఎంచుకోవడం సరైన పనే. పట్టికలో నిలువు గీతలు పైకెక్కిన చిన్న 3 అంకెలుగా, అడ్డ గీతలు నెత్తిన రెండు చుక్కలున్న ఏ అక్షరాలుగా కనిపిస్తున్నాయి కదూ? ఫైల్ పాత డాస్ అక్షరాల పట్టిక అయిన కోడ్ పేజీ 437లో ఉంది, నోట్‌ప్యాడ్ దాన్ని విండోస్ అక్షరాలుగా చదువుతోంది. లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఫైల్ తెరిచేటప్పుడు కింద 'టెక్స్ట్ – చూజ్ ఎన్‌కోడింగ్' ఎంచుకుని, జాబితాలో 437 అని ఉన్నదాన్ని పట్టుకోండి. గీతలు గీతలుగానే వస్తాయి.

132 అక్షరాల వెడల్పు పట్టికలకు ఏ4 కాగితాన్ని అడ్డంగా తిప్పి, కొరియర్ న్యూ 9 పాయింట్లు, రెండు పక్కలా 20 మిల్లీమీటర్ల మార్జిన్ పెట్టండి. లైను 25 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది, సరిగ్గా పడుతుంది. మొదటి లైను ముందు వింత గుర్తు ఏదైనా ఉంటే చెరిపేయండి. అది అక్షరాలు కుదించమని పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి పంపే ఆదేశం.

ప్రశ్న: ఇలా నడిపిన లెక్కను నమ్మవచ్చా?
– అసిస్టెంట్ ఇంజనీరు, నల్గొండ

జవాబు: పరీక్షించకుండా నమ్మకండి. డాస్‌బాక్స్‌ని ప్రధానంగా ఆటల కోసం తయారుచేశారు. దశాంశాల్లో చివరి అంకెలు పాత కంప్యూటర్‌తో అచ్చంగా కలవకపోవచ్చు. దానికన్నా పెద్ద ప్రమాదం ప్రోగ్రాం ఏ యూనిట్లు అడుగుతోందో మరిచిపోవడం.

చేత్తో తేలేంత చిన్న లెక్క ఒకటి ఇవ్వండి. 200 మిల్లీమీటర్ల పైపు, 1000 మీటర్ల పొడవు, సెకనుకు 20 లీటర్లు, హేజెన్–విలియమ్స్ సూత్రంలో పైపు నునుపును చెప్పే సి విలువ 100. హెడ్ నష్టం, అంటే పైపు రాపిడికి తగ్గే నీటి పీడనం, సుమారు 3.82 మీటర్లు రావాలి. 3.80, 3.84 లాంటివి వస్తే సూత్రంలోని గుణకాన్ని, ఘాతాంకాలను కాస్త వేరుగా కుదించారని అర్థం. 3.2 వస్తే, లేదా దశాంశ బిందువు జరిగితే అక్కడే ఆగండి. పాత ఫైళ్లు చదవడానికి, ఆనాటి డిజైన్ సరిచూడటానికి పాత ప్రోగ్రాం చాలు. కొత్త పథకానికైతే నీటి పైపుల లెక్కలు చేసే ఈపానెట్ ప్రోగ్రాంకి మారండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఉచితంగా ఇస్తోంది, 2020లో 2.2 వెర్షన్ వచ్చింది, విండోస్ 11లో నేరుగా నడుస్తుంది.

ప్రశ్న: విజువల్ బేసిక్ 6లో రాసిన క్వాంటిటీ ప్రోగ్రాం ఎంఎస్ఎఫ్ఎల్ఎక్స్‌జీఆర్‌డీ.ఓసీఎక్స్ ఫైల్ లేదంటోంది. సిస్టం32లో వేశాను, ఫలితం లేదు.
– కాంట్రాక్టర్, కర్నూలు

జవాబు: ఫోల్డర్ల పేర్లు మైక్రోసాఫ్ట్ వాళ్లే తలకిందులుగా పెట్టారు మరి. 64 బిట్ విండోస్‌లో సిస్టం32 ఉన్నది 64 బిట్ ఫైళ్ల కోసం, 32 బిట్‌వి సిస్‌వావ్64లో ఉండాలి. ఫైల్‌ని అక్కడికి మార్చి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ ఫోల్డర్‌లోకే వెళ్లి అక్కడున్న రెగ్‌ఎస్‌వీఆర్32 అనే ప్రోగ్రాంతో దాన్ని విండోస్‌లో రిజిస్టర్ చేయండి. ఫైల్‌ని మీ పాత సీడీ నుంచే తీసుకోండి, ఏదో సైట్ నుంచి దించుకోకండి. ప్రోగ్రాంని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టొద్దు. అక్కడ అది సేవ్ చేసే డేటాను విండోస్ చడీచప్పుడు లేకుండా మీ యూజర్ ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్‌కి మళ్లిస్తుంది. రేపు బ్యాకప్‌లో ఆ డేటా ఉండదు.

ప్రశ్న: ప్రింటర్ పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్ (అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది) ఉన్న సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ కన్వర్టర్ పనిచేస్తుందా?
– చదువరి, హైదరాబాద్

జవాబు: పనిచేయదు. ఆ వైరు ప్రింటర్‌కి డేటా పంపడానికి మాత్రమే. లాక్‌ని వెతికే ప్రోగ్రాం నేరుగా 378 చిరునామా ఉన్న పోర్టును తడుతుంది, అక్కడ ఎవరూ పలకరు. మదర్‌బోర్డు మీదే ప్యారలల్ పోర్టున్న పాత డెస్క్‌టాప్, అందులో ఆ సాఫ్ట్‌వేర్ కాలం నాటి విండోస్ పెట్టి, ఇంటర్నెట్ తగిలించకుండా పక్కన ఉంచుకోండి.