మైక్రోవేవ్ సిమ్యులేషన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వాతావరణంలో మైక్రోవేవ్ ప్రసారాన్ని సాఫ్ట్‌వేర్‌తో సిమ్యులేట్ చేసే రంగంలోకి వెళ్లాలనుంది. ఏం నేర్చుకోవాలి? అవకాశాలుంటాయా?

జవాబు: మీ ఫిజిక్స్ చాలు, పైథాన్, లినక్స్ చేతికి అలవాటు కావాలి. చాలామంది నేరుగా ఆర్‌టీటీఓవీ (RTTOV)తో మొదలుపెట్టి చతికిలపడతారు. అది వాతావరణ అంచనా కేంద్రాలకోసం ఫోర్ట్రాన్‌లో రాసిన వేగవంతమైన మోడల్. ఏ పౌనఃపున్యం దగ్గర ఏ వాయువు ఎంత పీల్చుకుంటోందో అందులో కంటికి కనబడదు. మీరు పైఆర్‌టీలిబ్ (PyRTlib) అనే పైథాన్ లైబ్రరీతో మొదలుపెట్టండి.

వయోమింగ్ విశ్వవిద్యాలయం సైట్‌లో హైదరాబాద్ (స్టేషన్ నంబరు 43128) రేడియోసాండ్ డేటా, అంటే బెలూన్‌తో పైకి పంపే పరికరం కొలిచిన పీడనం, ఉష్ణోగ్రత, తేమ వివరాలు ఉచితంగా దొరుకుతుంది. మేఘాల్లేని ఒక రోజు తీసుకుని, నేల మీంచి పైకి చూస్తున్నట్టుగా 20 నుంచి 60 గిగాహెర్ట్జ్ వరకు బ్రైట్‌నెస్ టెంపరేచర్ (అందే మైక్రోవేవ్ తీవ్రతను ఉష్ణోగ్రతగా చెప్పే కొలత) లెక్కించండి. 22.235 దగ్గర నీటి ఆవిరి చిన్న గుట్టలా కనిపించాలి. 60 దగ్గర ఆక్సిజన్ దట్టంగా అడ్డుపడుతుంది కాబట్టి విలువ నేల దగ్గరి గాలి ఉష్ణోగ్రతకు చాలా దగ్గరగా రావాలి. రాలేదంటే ముందు యూనిట్లు చూడండి. డేటాలో ఎత్తు మీటర్లలో, తేమ శాతంలో, ఉష్ణోగ్రత సెల్సియస్‌లో ఉంటాయి. లైబ్రరీకి కిలోమీటర్లు, 0.8 లాంటి భిన్నం, కెల్విన్ కావాలి. తర్వాత ఇదే పని మరింత వివరంగా చేసే ఏఆర్‌టీఎస్ (ARTS) సాఫ్ట్‌వేర్‌కు మారితే పీడనం హెక్టోపాస్కల్ కాదు, పాస్కల్. కోణమూ తేడానే: పైఆర్‌టీలిబ్‌లో 90 అంటే నిట్టనిలువు, ఏఆర్‌టీఎస్‌లో ఉపగ్రహం తిన్నగా కిందికి చూస్తే 180.

ఆపైన అసలు పరీక్ష. 2011లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహంలోని సఫీర్ (SAPHIR) పరికరం, నీటి ఆవిరి గట్టిగా పీల్చుకునే 183.31 గిగాహెర్ట్జ్ గీత చుట్టూ ఆరు ఛానెళ్లలో కొలిచింది. అప్పటి రేడియోసాండ్ డేటాతో సిమ్యులేట్ చేసి పోల్చండి. గీత మధ్యకు దగ్గరి ఛానెల్‌లో తేడా వస్తే కోడ్‌ని ఒక్కదాన్నే అనుమానించకండి: అది పై ట్రోపోస్ఫియర్ తేమను చూస్తుంది, అక్కడ సాండ్ తేమ కొలతలు అంత నమ్మదగ్గవి కావు. కొలిచిన విలువ బాగా తక్కువుంటే మేఘాల్లోని మంచు వెదజల్లి ఉండొచ్చు. నిర్మలాకాశపు లెక్కకు ఆ సంగతి తెలియదు, అలాంటి పిక్సెళ్లు తీసేయండి.

అవకాశాలు తక్కువే, అవీ ఎక్కువగా పరిశోధనలోనే. సీఎస్‌ఐఆర్ నెట్‌లో భౌతికశాస్త్రం గానీ, భూమి-వాతావరణ-సముద్ర శాస్త్రాల పేపర్ గానీ రాయండి. గేట్ కూడా రాయండి. గాదంకిలోని ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల), హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్), అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ప్రకటనలు గమనిస్తూ ఉండండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఈ సఫీర్ పోలికే తీసుకుని, కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి, లింకును దరఖాస్తులో ఇవ్వండి. ఇంటర్వ్యూలో ఏ ఛానెల్‌లో ఎంత తేడా వచ్చింది, ఎందుకొచ్చింది అన్నదే అడుగుతారని సిద్ధపడండి.