క్లోమం వాపు ముదరడానికి జన్యువులే కారణమా?

ప్రశ్న: మా తమ్ముడికి 38 ఏళ్లు. మూడు నెలల క్రితం అక్యూట్ పాంక్రియాటైటిస్ (క్లోమం హఠాత్తుగా వాచే జబ్బు) వచ్చి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిని చాలా రోజులు ఐసీయూలో ఉన్నాడు. అదే జబ్బుతో చేరిన ఇంకొకాయన నాలుగైదు రోజుల్లోనే ఇంటికెళ్లిపోయారు. ఇన్‌ఫ్లమేషన్ (వాపు)కు సంబంధించిన జన్యువుల్లో తేడాలుంటే ఇలా అవుతుందని చదివాను. నేను, నా పిల్లలు జన్యు పరీక్ష చేయించుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది. తమ్ముడి పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు, ఆపరేషన్ ఇంకా చేయించలేదు.

జవాబు: మీకు గానీ పిల్లలకు గానీ ఆ పరీక్ష అక్కర్లేదు. మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది ఆఖరి వాక్యం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పిత్తాశయం నుంచి జారిన చిన్న రాయి, పైత్యరస నాళం, క్లోమ నాళం కలిసి పేగులోకి తెరుచుకునే చోట అడ్డుపడుతుంది. పేగులోకి వెళ్లాక పని మొదలుపెట్టాల్సిన ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ క్లోమంలోనే చురుకై అక్కడి కణాలను దెబ్బతీస్తుంది. ఆ కణాలు, అక్కడికి చేరిన తెల్లరక్తకణాలు సైటోకైన్లనే రసాయనాలు వదులుతాయి. వాటిలో ముందు టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1 వస్తాయి. ఆ వెనక ఐఎల్-6 పెరుగుతుంది. ఐఎల్-8, ఎంసీపీ-1 మరిన్ని తెల్లకణాలను రప్పిస్తాయి. ఐఎల్-10 బ్రేకు వేస్తుంది. ఈ స్పందన క్లోమం దాటి ఒళ్లంతా పాకితే సన్నని రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. మీ తమ్ముడికి జరిగింది ఇలాంటిదే.

ఈ రసాయనాలను తయారుచేసే జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఒక్క డీఎన్ఏ అక్షరం తేడా ఉండటం మామూలే. టీఎన్ఎఫ్ జన్యువుకు ముందున్న భాగంలో 308వ స్థానంలో 'జీ' అనే అక్షరం బదులు 'ఏ' అనే అక్షరం ఉండటం అలాంటిదే. ఆ తేడా వల్ల రసాయనం ఎక్కువ తయారై జబ్బు ముదురుతుందా అని ఎన్నో పరిశోధనలు చూశాయి. ఒకచోట సంబంధం కనిపించింది, ఇంకోచోట కనిపించలేదు. ఐఎల్-8, ఎంసీపీ-1 జన్యువుల్లోని కొన్ని తేడాలకు కొంత సంబంధం కనిపించినా, రోగి మంచం పక్కన నిలబడి నిర్ణయం తీసుకోవడానికి అది చాలదు. చాలా అధ్యయనాల్లో రోగుల సంఖ్యే తక్కువ. పైగా ఆ తేడాలున్న వాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు అసలు రాదు. రిపోర్టులో 'తేడా ఉంది' అని వచ్చినా మీకు ఇవ్వదగ్గ మందంటూ ఏదీ లేదు. మిగిలేది టెన్షనే.

సుమారు ఐదుగురిలో నలుగురికి ఈ జబ్బు తేలిగ్గానే తగ్గుతుంది. అవయవాల వైఫల్యం 48 గంటలు దాటినా తగ్గకపోతే దాన్ని తీవ్రమైన రకంగా లెక్కిస్తాం. జబ్బు ముదురుతుందా లేదా అనేది వయసు, ఊబకాయం, రక్తంలో యూరియా పెరుగుతోందా అన్నవి జన్యు రిపోర్టు కన్నా ఎక్కువ చెబుతాయి.

పరీక్ష అవసరమయ్యే జన్యువులు వేరే ఉన్నాయి. ఈ జబ్బుతో సంబంధం ఉందని 1996లో తేలిన పీఆర్ఎస్ఎస్1 జన్యువులో లోపం ఉంటే ట్రిప్సిన్ అదుపు తప్పుతుంది. అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. స్పింక్1, సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులు కూడా చూస్తారు. చిన్న వయసులోనే జబ్బు వచ్చినా, కారణం దొరక్కుండా మళ్లీ మళ్లీ వస్తున్నా, ఇంట్లో ఒకరికి మించి ఉన్నా వీటి గురించి ఆలోచిస్తాం. మీ తమ్ముడికి రాళ్ల రూపంలో కారణం కళ్లముందే ఉంది.

ఇక ఆపరేషన్ సంగతి. జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్లకు ఆస్పత్రి నుంచి పంపకముందే పిత్తాశయం తీసేయడం మంచిది. తీవ్రంగా వచ్చినవాళ్లకు క్లోమం చుట్టూ చేరిన నీరు, వాపు తగ్గేదాకా ఆగుతాం. మూడు నెలలైంది కాబట్టి ఈ వారమే సర్జన్‌ని కలిసి, ఇంకా ఆగాల్సిన కారణం ఉందా అని అడగండి. పిత్తాశయం ఉన్నంతకాలం ఇంకో రాయి జారవచ్చు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) కూడా ఒకసారి చూపించండి, అవి 1000 ఎంజీ/డీఎల్ దాటితే వాటంతట అవే ఈ జబ్బు తెప్పించగలవు. మద్యం, సిగరెట్ ఉంటే పూర్తిగా మాన్పించండి. ఈలోగా పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పాకినా, వాంతులు ఆగకపోయినా, గ్యాస్ అనుకుని ఇంట్లో ఉంచకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.