పగలు నిద్రపోయే మనిషికి పడకగది

ప్రశ్న: మాది తిరుపతి. పై అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు, పడకగది కిటికీ పడమటి వైపు. మావారికి రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పగలు సరిగా నిద్రపట్టక చిరాకు పడుతున్నారు. నెలలో రెండు మూడుసార్లు దర్శనానికి చుట్టాలు వస్తారు. వాళ్ళ సామానంతా మా గదిలోనే పెడతారు, వద్దంటే అత్తగారు నొచ్చుకుంటారు. వెదురు, మొక్కలు, మట్టి వస్తువులతో గదిని ప్రశాంతంగా మార్చుకుందామని అడిగితే 40,000 రూపాయలు అవుతుందన్నారు. మావారు దండగన్నారు. అప్పటినుంచి మా మధ్య సరిగా మాటల్లేవు. నేను కోరింది తప్పా?

జవాబు: అమ్మా, తప్పేమీ లేదు. రోజంతా ఇంటిపనితో, వచ్చేపోయేవాళ్ళతో నలిగే మీకు తలుపు వేసుకుని కాసేపు ఊపిరి పీల్చుకునే చోటు కావాలి. అయితే మీవారు ‘దండగ’ అన్నది మిమ్మల్ని కాదనడానికే అనుకోకండి. ఉదయం పక్కమీద వాలి, మధ్యాహ్నానికే చెమటతో లేచి కూర్చునే మనిషికి పూలకుండీలు ఎందుకో అర్థం కాదు. ఈ గదిని ముందు ఆయన పగటి నిద్రకు తగినట్టు చేయండి. మీరు కోరుకున్న వస్తువుల్లో కొన్ని ఆ పనికే వస్తాయి.

మొదట వేడి సంగతి చూడాలి. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పై అంతస్తు కాబట్టి స్లాబు పొద్దుటినుంచీ కాగుతుంది, మధ్యాహ్నం తిరిగితే కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంది. లోపల ఎంత మంచి కర్టెన్ కట్టినా, అద్దం దాటి వచ్చేసిన వేడి గదిలోనే ఉండిపోతుంది. అందుకే వెదురు తెర కిటికీకి బయటివైపు వేలాడాలి. కిటికీ కంటే రెండు పక్కలా అరడుగు, కింద అరడుగు ఎక్కువ ఉండేలా తీసుకోండి. గోడకూ తెరకూ మధ్య నాలుగు అంగుళాల సందు వదిలితే గాలి ఆడుతుంది. కింది బద్దను రెండు కొసలా తాడుతో గ్రిల్‌కు కట్టకపోతే గాలికి గోడకేసి కొట్టుకుంటుంది, ఆ చప్పుడే ఆయన్ను లేపుతుంది. కొనేటప్పుడు బద్దల్ని తట్టి చూడండి. సన్నటి పొడి రాలితే పురుగు పట్టినట్టే, అది వద్దు.

ఇల్లుగలవాళ్ళు ఒప్పుకుంటే మార్చిలోనే మిద్దెమీద సున్నం కొట్టించండి. ఎండను తెలుపు వెనక్కి కొడుతుంది కాబట్టి స్లాబు అంతగా కాగదు. మిద్దె ఊడ్చి, కడిగి, ఆరనిచ్చాక వేయాలి. దుమ్ము మీద వేసిన సున్నం వారానికే పొరలుగా లేచిపోతుంది. నానిన సున్నాన్ని గుడ్డలో వడకట్టి, పట్టు నిలవడానికి కాస్త ఫెవికాల్ కలుపుతారు. ఒక పూత ఆరాకే రెండోది వేయాలి. కంట్లో పడకుండా జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ వేయాల్సిందే.

ఇక వెలుతురు. వెదురు బద్దల సందుల్లోంచి పగటి వెలుగు వస్తూనే ఉంటుంది, రాత్రి డ్యూటీ మనిషికి అది చాలు మెలకువ రావడానికి. లోపలివైపు దళసరి చేనేత నూలు కర్టెన్ కట్టి, వెనక నల్లటి లైనింగ్ కుట్టించండి. కిటికీ నాలుగడుగులైతే గుడ్డ వెడల్పు ఏడెనిమిది అడుగులుండాలి, మడతలు పడితేనే వెలుగు ఆగుతుంది. చాలామంది రాడ్డును కిటికీ చట్రం మీదే బిగిస్తారు, పైనుంచీ పక్కలనుంచీ వెలుగు కారుతుంది. ఆరంగుళాలు పైకి, ఆరంగుళాలు పక్కలకు జరపండి. రాత్రిళ్ళు మీ కోసం ట్యూబులైటు ఆపి, 2700 కెల్విన్ అని రాసివున్న చిన్న బల్బు పెట్టుకోండి, పసుపు కాంతి కంటికి హాయిగా ఉంటుంది.

మొక్కల విషయంలో మీకు కాస్త నిరాశ తప్పదు. పగలంతా చీకటి చేసిన గదిలో ఏ మొక్కా బాగా పెరగదు. రెండు కుండీలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాటనూ నమ్మకండి. మొక్కల్ని బాల్కనీలో పెంచండి. గదిలో ఒకటే కావాలనుకుంటే స్నేక్ ప్లాంటును వారం లోపల, రెండు వారాలు బయట ఉంచండి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్ళు పోయాలి, లేదంటే వేరు కుళ్ళుతుంది. కింద పళ్ళెంలోనూ, మనీప్లాంటు సీసాలోనూ నీళ్ళు వారంపాటు కదలకుండా ఉంటే డెంగీ దోమకు అదే పుట్టిల్లు.

వట్టివేరు తడక మీద మోజున్నా పడకగదికి వద్దంటాను. ఎండాకాలంలో తొందరగా ఆరిపోతుంది, తడపడానికి మాటిమాటికీ మీరు గదిలోకి వెళ్తే ఆయన నిద్ర చెడుతుంది. హాలు కిటికీకి కట్టుకోండి. వానల నెలల్లో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అది చల్లబరచదు, బూజు మాత్రం పడుతుంది. అప్పుడు విప్పి, బాగా ఎండబెట్టి చుట్టి పెట్టేయండి. తుంగచాపదీ ఇదే తీరు.

గోడకు ఒక్క కలంకారీ గుడ్డ చాలు. శ్రీకాళహస్తిలో చేత్తో గీసినది తీసుకోండి. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ కావడంతో కొత్తలో ఒక వాసన ఉంటుంది, కొన్నాళ్ళు నీడలో ఆరబెట్టాకే గదిలో కట్టండి. సహజ రంగులు ఎండకు వెలుస్తాయి కాబట్టి కిటికీ కర్టెనుగా వాడకూడదు. కథ నిండా బొమ్మలున్నది కాకుండా చెట్టు, తీగలు ఉన్నదైతే పడుకునే ముందు చూపు కుదురుగా నిలుస్తుంది. ఎవరైనా ఎర్రచందనం వస్తువు చౌకగా ఇప్పిస్తామంటే మాత్రం ఆ జోలికే వెళ్ళకండి.

ఇంత చేసినా మంచం పక్కన నాలుగు సూట్‌కేసులుంటే గది గోడౌనే. మీ అసలు బాధ ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. చుట్టాల సామానుకు హాల్లోనే ఒక మూల కేటాయించండి, ఒక ఇనుప స్టాండు చాలు. అదనపు పరుపులు అటక మీదికి వెళ్ళాలి. అత్తగారితో ‘వద్దు’ అని మొదలుపెట్టకండి. “అత్తయ్యా, ఆయనకు పగలు నిద్ర లేక ఆరోగ్యం పాడవుతోంది. సాయంత్రం నాలుగింటి దాకా ఆ తలుపు ఎవరూ తీయకుండా మీరే చూడాలి” అని ఆ బాధ్యత ఆవిడకే అప్పగించండి. కొడుకు నిద్ర కోసమంటే ఆవిడే కాపలా కాస్తారు. మీవారి తరఫు చుట్టాలకు మీవారు, మీ పుట్టింటివాళ్ళకు మీరు ఫోనులో ముందే చెప్పాలి. మీ ఇద్దరి మాటా ఒకరి నోట రాకూడదు. ఎక్కువమంది వస్తుంటే బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం అనే దేవస్థానం వసతి గృహాలు ఉన్నాయని చెప్పడంలో మర్యాద తక్కువేమీ లేదు. భోజనానికి మాత్రం తప్పక ఇంటికి రమ్మనండి.

ఇవన్నీ చేశాక కూడా నెలరోజులు దాటి నిద్ర కుదరకపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నా డాక్టర్‌కు చూపించాలి. అది గదితో తీరేది కాదు.

మీవారితో డ్యూటీ దిగి వచ్చిన పొద్దున ఈ మాట ఎత్తకండి. వారం సెలవురోజు, కాఫీ తాగాక, 40,000 ఊసు లేకుండా, “ముందు కిటికీ ఒక్కటీ బాగుచేద్దాం, నిద్రపడితే మిగతాది చూద్దాం” అనండి. ఒప్పుకుంటే తెర కొలతలు ఆయన చేతే తీయించండి.