అమెరికా గురించి చదవడానికి బెర్లిన్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ (ఇంగ్లిష్, పొలిటికల్ సైన్స్) చివరి ఏడాది. బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో నార్త్ అమెరికన్ స్టడీస్ ఎంఏ చేస్తానంటోంది. దానికంటే అమెరికాలో డేటా అనలిటిక్స్ ఎంఎస్ మేలు కాదా? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: మీ భయం బెర్లిన్ గురించి కాదండీ. రేపు పిల్ల ఖాళీగా కూర్చుంటే నలుగురికీ ఏం చెప్పాలన్నదే మీ భయం.

ముందు ఎంఎస్ సంగతి. ఈ కోర్సుకు చాలా వర్సిటీలు స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ ముందే చదివి ఉండాలంటాయి. మీ అమ్మాయి డిగ్రీలో అవి లేవు. ఎలాగో చేరి గట్టెక్కినా ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సైతే ఇంకో 24, ఆపైన హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా లాటరీ. ఇష్టంలేని చదువుకు ఇల్లు తాకట్టు పెట్టి, ఆ వడ్డీ ఆమె నెత్తిన వేస్తారా? పక్కింటి అబ్బాయి వెళ్లాడన్నది కారణం కాదు.

అమెరికా తన గురించి చెప్పుకునేది ఒకటి, అట్లాంటిక్ అవతలి ఒడ్డున కనబడేది ఇంకొకటి. 1950లో పశ్చిమ బెర్లిన్‌లో రచయితలు, మేధావులు కలిసి సాంస్కృతిక స్వేచ్ఛ కాంగ్రెస్ అనే కమ్యూనిస్టు వ్యతిరేక వేదిక మొదలుపెట్టారు. దానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు అందిందని 1960లలో బయటపడింది. ఆ సొమ్ముతో నడిచిన పత్రికల్లో ఎవరు నమ్మి రాశారు, ఎవరు వాడుకోబడ్డారు? పాత ఉత్తరాలు, జమాఖర్చులు పట్టుకుని తేల్చేది నార్త్ అమెరికన్ స్టడీస్ పరిశోధకులే. సంగీతమూ అంతే. 1956లో అమెరికా విదేశాంగ శాఖ డిజ్జీ గిలెస్పీ జాజ్ బృందాన్ని గ్రీస్, యుగోస్లావియాలకు పంపింది. అదే ఏడాది అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతీయులు బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా వాటిని ఎక్కకుండా నడిచి వెళ్తున్నారు. ఆ కచేరీ విన్నవాళ్లకు ఏ అమెరికా కనబడి ఉంటుంది? మీ అమ్మాయిని పట్టుకున్నది ఇలాంటి ప్రశ్నే. మనకూ ఇది కొత్త కాదు, ఉస్మానియా క్యాంపస్‌లో 1964లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది.

ఖర్చు: ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ చందా ఉంటుంది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపాలి. అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున ఆమె ఖర్చుకే వస్తాయి.

చిక్కల్లా భాష. క్లాసులు ఇంగ్లిష్‌తో గడిచినా మ్యూజియాలు, ఫౌండేషన్లు, పత్రికల్లో ఉద్యోగానికి జర్మన్ కావాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలలు అది రాకే వృథా అవుతాయి. ఇక్కడే జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) పూర్తి చేయించండి. ఈలోగా ఆ జాజ్ యాత్ర మీద, ఒకే ఊరు, ఒకే కచేరీ తీసుకుని, పది పేజీలు రాయమనండి. దరఖాస్తులో అదే మాట్లాడుతుంది.

ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ తరఫున ఇచ్చే ధ్రువీకరణ) లేనిదే వీసా ఫైలు కదలదు. టెన్త్ మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూడండి.