గడ్డకట్టిన మట్టిలో బ్యాక్టీరియాకు చలి కంటే నీటి కరువే పెద్ద కష్టం

"అంటార్కిటికాలో మైనస్ డిగ్రీల్లో ఉండే మట్టిలో కూడా బ్యాక్టీరియా ఉంటుందని చదివాను. మన ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితేనే కూర పాడవదు కదా, మరి అక్కడ అవి ఎలా బతుకుతున్నాయి? కరిగితే మనకు ప్రమాదమా?" అని ఒకరు నన్ను అడిగారు. హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో మూడేళ్లు అంటార్కిటికా మట్టితోనే పనిచేశాను. అందుకే అక్కడ చూసినదాని నుంచే మొదలుపెడతాను.

ముందు ఫ్రిజ్ సంగతి. ఫ్రిజ్ క్రిములను చంపదు, వాటి పనిని నెమ్మది చేస్తుంది, అంతే. ఫ్రిజ్‌లో ఉంచిన పెరుగు కూడా వారం పది రోజులకు పులుస్తుంది కదా. గదిలో అయితే ఒక్క రోజులో జరిగేది అక్కడ అన్ని రోజులు పడుతుంది.

నా చేతికి వచ్చిన మట్టి షిర్మాకర్ ఒయాసిస్ నుంచి తెచ్చినది. ఒయాసిస్ అంటే ఖర్జూర చెట్లు ఊహించుకోకండి. తూర్పు అంటార్కిటికాలో మంచు కప్పని రాతి గుట్టలు, మధ్యలో చిన్న చిన్న సరస్సులు ఉన్న నేల అది, సుమారు 35 చదరపు కిలోమీటర్లు. మన దేశపు మైత్రి స్థావరం అక్కడే ఉంది. మైనస్ 20 ఫ్రీజర్‌లోంచి సంచి తీసి చూస్తే, ఇల్లు కట్టాక గేటు పక్కన మిగిలిపోయిన గరుకు ఇసుకలా కనిపించింది. వాన పడితే మన మట్టికి వచ్చే వాసన దానికి లేదు. ఇందులో ప్రాణం ఏముంటుంది అనిపించింది.

కాలేజీలో ఎప్పుడూ మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాను పెంచిన అలవాటుతో, ఆ మట్టిని నీళ్లలో కలిపి, బ్యాక్టీరియాకు ఆహారం కలిపిన జెల్లీ ఉన్న ప్లేట్ల మీద పోసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మూడు రోజులైనా ఏమీ రాలేదు. మా సీనియర్ అక్క చూసి, "అది మన పేగుల్లో పెరిగే క్రిమి కాదమ్మా. ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ తీసి చూడకుండా ఉండు" అంది. నాలుగు డిగ్రీల్లో పెట్టాం. ఎండిపోకుండా అంచులకు పారాఫిల్మ్ అనే సాగే పల్చటి పొర చుట్టాం. పదహారో రోజు పొద్దున చూస్తే ఆవగింజ కంటే చిన్న చుక్కలు. పసుపు, నారింజ, ఒకటి మాత్రం లేత గులాబీ. ఆ రంగులు కెరోటినాయిడ్లవి, అంటే క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థాల కుటుంబానివి. అంత చిన్న చుక్కలను చూసి అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. ఆ చుక్కలనే, అంటే బ్యాక్టీరియా గుంపులైన కాలనీలను, తీసి 22 డిగ్రీల్లో పెడితే మూడు రోజుల్లోనే బాగా పెరిగాయి! అంటే వాటికి చలి ఇష్టం కాదు, చలిని ఓర్చుకుంటున్నాయి. సూక్ష్మజీవశాస్త్రంలో ఈ రెంటికీ వేరు వేరు పేర్లున్నాయి. 15 డిగ్రీలు, అంతకంటే తక్కువలోనే హాయిగా పెరిగి, 20 దాటితే పెరగలేనివి సైక్రోఫైల్స్. సున్నా దగ్గరా పెరుగుతూ, వెచ్చదనం దొరికితే ఇంకా వేగంగా పెరిగేవి సైక్రోటాలరెంట్స్. ధ్రువాల సముద్రపు నీళ్లు ఏడాది పొడవునా చల్లగానే ఉంటాయి కాబట్టి అక్కడ మొదటి రకం బాగా కనిపిస్తుంది. మట్టి అలా కాదు. వేసవిలో ఎండ తగిలితే నల్లరాతి పక్కన నేల పది డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, కాసేపట్లో మళ్లీ సున్నాకు దిగుతుంది. అలాంటి చోట ఓర్చుకునేదే నిలుస్తుంది.

ఎలా ఓర్చుకుంటుందో మన వంటింటి నుంచే చెప్పొచ్చు. చలికాలంలో నెయ్యి, కొబ్బరి నూనె గడ్డకడతాయి, నువ్వుల నూనె కట్టదు. తేడా అంతా వాటిలోని కొవ్వు ఆమ్లాల్లోనే ఉంది. బ్యాక్టీరియా ఒంటి చుట్టూ ఉండే పొర కూడా కొవ్వులతో చేసిందే. చలి పెరిగితే అది నెయ్యిలా బిగిసిపోయి, లోపలికి ఆహారం రావడం ఆగిపోతుంది. అందుకే ఈ జీవులు ఆ పొరలో, నూనెల్లో ఎక్కువగా ఉండే అసంతృప్త కొవ్వు ఆమ్లాలను పెంచుకుంటాయి, పొర నూనెలా మెత్తగా ఉంటుంది. వాటి ఎంజైములు కూడా మన ఎంజైముల కంటే వదులుగా, తేలిగ్గా వంగేలా ఉంటాయి. అందుకే వేడి చేస్తే త్వరగా పాడైపోతాయి.

ఇక గడ్డకట్టిన మట్టిలో నీళ్లెక్కడివి? కుల్ఫీ బండివాళ్లు ఐసులో ఉప్పు వేయడం చూసే ఉంటారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా కంటే ఎంతో కింద కూడా ద్రవంగానే ఉంటాయి. మట్టి గడ్డకట్టేటప్పుడు లవణాలు పక్కకు నెట్టబడి, రేణువుల చుట్టూ సన్నటి ఉప్పునీటి పొరగా మిగులుతాయి. బ్యాక్టీరియా ఉండేది అందులోనే. కెనడా ఉత్తర కొసలో, ఎల్స్‌మియర్ దీవి నేలలో దొరికిన ప్లానోకాకస్ హాలోక్రయోఫైలస్ అనే బ్యాక్టీరియా ల్యాబ్‌లో మైనస్ 15 డిగ్రీల్లో కణ విభజన చేసుకుంది, మైనస్ 25లో కూడా శ్వాస ఆపలేదు. 2013లో ఆ పరిశోధన పత్రం వచ్చింది. దానికి ఉప్పు కూడా బాగా పడుతుంది. పై మాటలు గుర్తుంటే ఎందుకో మీకే అర్థమవుతుంది.

నా అనుభవంలో బాధపెట్టిన సంగతి ఒకటుంది. ఒక వారాంతంలో కరెంటు పోయి, మా ఫ్రీజర్ కరిగి, మళ్లీ గడ్డకట్టింది. నెలల తరబడి మైనస్ 20లో ఉన్నా అప్పటివరకు లెక్కలో పెద్ద తేడా రాని మట్టిలో, ఆ తర్వాత కాలనీలు బాగా తగ్గిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. కానీ పుస్తకంలో చదివి వదిలేసిన విషయం ఆ రోజు బుర్రకెక్కింది. నిలకడైన చలి కంటే కరగడం, గడ్డకట్టడం అనే ఊగిసలాటే వాటికి ఎక్కువ దెబ్బ. మంచు పలుకులు పొరను చీలుస్తాయి, డీఎన్‌ఏ తెగుతుంది. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) అనే పరిశోధన సంస్థలో అంటార్కిటికా మట్టి నుంచి తీసిన ఒక సూడోమోనాస్ బ్యాక్టీరియా మీద ఏళ్లపాటు పని జరిగింది. తెగిన డీఎన్‌ఏను అతికించే రెక్‌బీసీడీ అనే ఎంజైమును తీసేస్తే, ఆ బ్యాక్టీరియా 22 డిగ్రీల్లో పెరుగుతుంది కానీ నాలుగు డిగ్రీల్లో పెరగలేదు. చలిలో బతకడమంటే రోజూ మరమ్మతు చేసుకుంటూ బతకడమని నాకు దానితోనే అర్థమైంది. 1992లో షిర్మాకర్ మట్టి నుంచే స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కిటికస్ అనే కొత్త జాతిని ప్రపంచానికి పరిచయం చేసింది కూడా సీసీఎంబీవాళ్లే. తెలుగు నేల మీద ఈ పని జరిగిందని మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చలి ఒక్కటే ఉంటే జీవం తట్టుకుంటుంది. చలితో పాటు నీళ్లూ లేకపోతేనే కష్టం. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడి లోయల్లో ఎత్తున ఉన్న యూనివర్సిటీ వ్యాలీ నేలను పరీక్షించిన శాస్త్రవేత్తలకు బతికి పనిచేస్తున్న సూక్ష్మజీవుల జాడ దాదాపుగా దొరకలేదు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంకోవైపు, తూర్పు అంటార్కిటికాలో రాబిన్‌సన్ రిడ్జ్ అనే చోట మట్టిలో ఆహారం చాలా తక్కువ, అయినా మట్టిలో బ్యాక్టీరియా ఉంది. అది గాలిలోని హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ తిని బతుకుతోందని 2017లో తేలింది. గాలిలో హైడ్రోజన్ ఉండేది పది లక్షల భాగాలకు సుమారు అర భాగం మాత్రమే. నన్నడిగితే ఈ రంగంలో గత కొన్నేళ్లలో వచ్చిన అతి గొప్ప విషయం ఇదే.

ఇక ప్రమాదం సంగతి. మా ప్లేట్ల మీద పెరిగినవాటిలో చాలా వాటికి మన ఒంటి వేడే పడదు, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. సైబీరియా సంగతి వేరు. 2016 వేసవిలో యమాల్ ప్రాంతంలో ఆంత్రాక్స్ వచ్చి రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లు చనిపోయాయి, ఒక పిల్లవాడు కూడా. మన పశువైద్యులు దొమ్మ వ్యాధి అనేది దీన్నే. పాతకాలపు కళేబరాలు కరిగి, వాటిలోని స్పోర్లు బయటపడ్డాయని భావిస్తున్నారు. అది చలిలో పెరిగే క్రిమి కాదు, గట్టి గింజలా నిద్రపోయిన క్రిమి. దానికంటే నాకు ఎక్కువ దిగులు ఉత్తర ధ్రువం చుట్టూ గడ్డకట్టిన నేలల్లో దాగి ఉన్న కార్బన్ గురించి. అది సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులు, గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఆ నేల కరిగితే, ఇన్నాళ్లూ ఓర్చుకున్న బ్యాక్టీరియా వేగంగా తినడం మొదలుపెట్టి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతుంది. 22 డిగ్రీల్లో మూడు రోజుల్లో నిండిపోయిన ఆ ప్లేటు నాకు అప్పుడు గుర్తొస్తుంది.

మీరు విద్యార్థి అయితే కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్‌ను అడిగి, తోటమట్టిని రెండు ప్లేట్ల మీద వేసి, ఒకటి గదిలో, ఒకటి ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. మన మట్టిలో కూడా నాలుగు డిగ్రీల్లో పెరిగేవి ఉంటాయి. మూడు వారాలు ఆగాలి, మూత మాత్రం తీయకండి.