నీటి కమిటీలో మా కాలనీ మనిషి లేరు: తీర్మానాన్ని ప్రశ్నించవచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలోని ఒక గ్రామ పంచాయతీ. ఊళ్ళో దాదాపు 600 ఇళ్ళు ఉంటే, ఊరికి కిలోమీటరు దూరంలో ఉన్న మా ఎస్సీ కాలనీలో 140 ఇళ్ళు ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద అందరికీ కుళాయిలు వేశారు. వాటి నిర్వహణకు 12 మందితో గ్రామ నీరు, పారిశుధ్య కమిటీ వేసినట్లు ఇటీవలే తెలిసింది. అందులో సర్పంచ్‌తో కలిపి ఆరుగురు పంచాయతీ సభ్యులే, మహిళలు నలుగురే. మా వర్గం వారు ఒక్కరే ఉన్నారు, ఆయన నివాసం కూడా ఊళ్ళోనే. కాలనీ నుంచి ఎవరూ లేరు. గ్రామసభ జరిగిందని రికార్డులో ఉందట గాని మా వైపు దండోరా వేయలేదు. దీనిపై హైకోర్టుకు వెళ్ళవచ్చా?

జవాబు: వెళ్ళవచ్చు, కానీ ఇప్పుడే కాదు. మీ చేతిలో బలమైన అంశాలు ఉన్నాయి. వాటిని కాగితం మీదికి తెచ్చుకోకుండా, కింది అధికారులను అడగకుండా నేరుగా రిట్ (అధికారుల చర్యను సవాలు చేస్తూ హైకోర్టులో వేసే పిటిషన్) వేస్తే, ముందు సంబంధిత అధికారికి అర్జీ పెట్టుకోమని కోర్టు తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.

ముందుగా ఈ కమిటీ ఎలా ఉండాలో చూద్దాం. 2019లో కేంద్రం విడుదల చేసిన జల్ జీవన్ మిషన్ కార్యాచరణ మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 10 నుంచి 15 మంది సభ్యులు ఉండాలి. వారిలో ఎన్నికైన పంచాయతీ సభ్యులు 25 శాతానికి మించకూడదు, మహిళలు 50 శాతం ఉండాలి, మిగిలిన 25 శాతం ఎస్సీ, ఎస్టీ తదితర బలహీన వర్గాల ప్రతినిధులకు వారి జనాభా నిష్పత్తిని బట్టి దక్కాలి. 12 మంది కమిటీకి ఈ లెక్క వేస్తే పంచాయతీ సభ్యులు ముగ్గురికి మించరాదు, మహిళలు ఆరుగురు, బలహీన వర్గాల ప్రతినిధులు ముగ్గురు ఉండాలి. మీ ఊరి కమిటీలో మొదటి సంఖ్య రెట్టింపయింది, రెండోది రెండు తగ్గింది, మూడోది ఒకటి దగ్గరే ఆగింది. అంటే మూడు నిష్పత్తుల్లో ఒక్కటీ పాటించలేదు.

దీనికి అవతలి పక్షం సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది. మహిళా వార్డు సభ్యురాలిని పంచాయతీ కోటాలోనూ మహిళల కోటాలోనూ చూపిస్తారు, ఎస్సీ మహిళ ఒక్కరినే రెండు లెక్కల్లో రాస్తారు. మార్గదర్శకాల్లోని మూడు భాగాలను కలిపితే సరిగ్గా 100 శాతం అవుతుంది కాబట్టి, అవి వేర్వేరు భాగాలని, ఒక మనిషిని రెండు చోట్ల లెక్కించడానికి వీల్లేదని అర్థం చేసుకోవడమే సహజమని నా అభిప్రాయం. ఈ మాటను మీ అర్జీలో తప్పక రాయండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ నిష్పత్తులు వర్గాన్ని, స్త్రీ పురుష భేదాన్ని బట్టి చెప్పినవే గాని, ఏ కాలనీకి ఎన్ని స్థానాలని చెప్పినవి కావు. అందువల్ల ‘మా కాలనీకి ఒక సీటు ఇవ్వాలి’ అన్నదాన్ని మొదటి వాదనగా పెట్టకండి. నిష్పత్తులు తప్పాయన్నది మొదటి వాదనగా, బలహీన వర్గాల ప్రతినిధులను ఆ ప్రజలు నిజంగా నివసించే చోటు నుంచే తీసుకోకపోతే ఆ నిబంధన ఉద్దేశమే నెరవేరదన్నది రెండో వాదనగా పెట్టండి. ఈ రెండో వాదన చట్టం అక్షరంలో కాస్త బలహీనం కావచ్చు గాని, న్యాయంగా చూస్తే అసలు బలం దానిలోనే ఉంది. ఇటువంటి వివాదం ఒకదానిలో నేను స్వయంగా వెళ్ళి చూశాను. ఊరి నడుమ ఇళ్ళలో కుళాయి గొట్టాలకు మోటార్లు బిగించుకున్నారు. గొట్టం చివరనున్న కాలనీలో మాత్రం నీరు పైకి ఎక్కక, ప్రతి కుళాయి చుట్టూ మోకాలి లోతు గొయ్యి తవ్వి, గొట్టాన్ని నేలమట్టానికి కిందనే కోసి, ఆడవాళ్ళు అందులోకి దిగి చెంబుతో బిందె నింపుకుంటున్నారు. నీరు ఎప్పుడు వదలాలి, వాల్వు ఎంతసేపు తిప్పి ఉంచాలి, మోటార్లు ఎవరు తీయించాలి అని కమిటీ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, ఆ గొయ్యిలోకి దిగే మనిషి అక్కడ లేకపోతే ఆ ఊసే రాదు. ఊరి అంతర్గత పనుల ఖర్చులో గ్రామం వాటా సాధారణంగా 10 శాతం, ఎస్సీ, ఎస్టీ జనాభా సగానికి మించిన గ్రామాల్లో 5 శాతం. ఆ వాటా వసూలు చేసేదీ, నెలవారీ నీటి రుసుము తేల్చేదీ కూడా ఈ కమిటీయే కనుక, కాలనీ నుంచి డబ్బు తీసుకుని మాట తీసుకోకపోవడం అన్యాయం.

ఇక చట్టబలం సంగతి. మార్గదర్శకాలు శాసనం కావు, వాటిని ఉల్లంఘించినంత మాత్రాన ప్రతిసారీ కోర్టులో హక్కు పుట్టదు. అయితే ప్రభుత్వ యంత్రాంగం తనకు తాను పెట్టుకున్న ప్రమాణాలకు కట్టుబడి ఉండాలని, కారణం లేకుండా వాటిని దాటితే ఆ చర్య నిరంకుశమై రాజ్యాంగంలో సమానత్వ హక్కును ఇచ్చే 14వ అధికరణకు విరుద్ధమవుతుందని సుప్రీంకోర్టు 1979లో రమణ దయారాం శెట్టి కేసులో చెప్పింది. మీ రిట్‌కు పునాది ఇదే. తాగునీరు 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమన్న తీర్పులు దానికి తోడుగా నిలుస్తాయి.

గ్రామసభ విషయం విడిగా చూడాలి. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. కాలనీకి సమాచారమే ఇవ్వకుండా సభ జరిపితే ఆ తీర్మానం చెల్లుబాటునే ప్రశ్నించవచ్చు. దీనికి సాక్ష్యం మినిట్స్ పుస్తకంలోనే దొరుకుతుంది. సభ నోటీసు, మినిట్స్, హాజరు సంతకాల పేజీ, కమిటీ తీర్మానం, సభ్యుల వార్డు నంబర్లు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లో సమాచారం రాకపోతే ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. సంతకాల పేజీలో మీ కాలనీ వారి పేర్లు ఎవరైనా వేరొకరు రాసి ఉంటే, ఆ వ్యక్తుల నుంచి తాము హాజరు కాలేదన్న వాంగ్మూలం వెంటనే రాయించి ఉంచుకోండి.

ఆ కాగితాలు చేతికి వచ్చాక, కమిటీని పునర్వ్యవస్థీకరించడానికి ప్రత్యేక గ్రామసభ జరపాలని కోరుతూ సర్పంచ్‌కు, కార్యదర్శికి అర్జీ ఇచ్చి, ప్రతులు ఎంపీడీవోకు, జిల్లా పంచాయతీ అధికారికి, కలెక్టర్‌కు పంపండి. జిల్లాలో ఈ పథకాన్ని చూసే జిల్లా నీరు, పారిశుధ్య మిషన్‌కు కలెక్టరే అధ్యక్షులు కాబట్టి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో స్వయంగా ఇవ్వడం మంచిది. సహేతుకమైన గడువు గడిచినా ఎవరూ స్పందించకపోతే, 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసి, మీ అర్జీని పరిష్కరించమని, నిష్పత్తుల ప్రకారం కమిటీ వేయమని ఆదేశం కోరవచ్చు.

కొందరు మిత్రులు వెంటనే అట్రాసిటీ కేసు పెట్టమని సలహా ఇచ్చారని కూడా మీరు రాశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో కుళాయి, బావి, చెరువు వంటి నీటి వనరులను వాడుకోకుండా అడ్డుకోవడం నేరమే. అలా నిజంగా అడ్డుకున్న రోజున ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయండి. కానీ కమిటీలో చోటు ఇవ్వకపోవడం ఒక్కటే ఆ సెక్షన్ కిందికి రాదు. రెంటినీ కలిపి ఫిర్యాదు రాస్తే అసలు విషయం పలచబడి, కమిటీపై మీకున్న మంచి కేసుకు కూడా నష్టం జరుగుతుంది.

అర్జీ మీద సంతకాలు కాలనీలోని ప్రతి ఇంటి నుంచి, ఇంటి నంబరుతో సహా తీసుకోండి. వీలైనంత వరకు నీళ్ళు మోసే ఆడవాళ్ళ చేతే పెట్టించండి. కమిటీలోకి ఎవరిని పంపదలచుకున్నారో ఇద్దరు ముగ్గురు మహిళల పేర్లు అర్జీలోనే సూచించండి. ఇచ్చిన ప్రతి కార్యాలయం నుంచి ముద్ర, తేదీ ఉన్న రసీదు లేకుండా బయటికి రాకండి.