వేలి మీద 98 ఉంటే కణితిలోనూ ఉన్నట్టేనా?

ప్రశ్న: డాక్టరుగారూ, నమస్కారం. నేను స్టీల్‌ప్లాంటులో ఆక్సిజన్ తయారుచేసే విభాగంలో పనిచేస్తున్నాను. మా అమ్మకు 61 ఏళ్లు. నాలుక మొదట్లో క్యాన్సర్ అని తేలింది. ఏడు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. కణితిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటే వైద్యం సరిగా పనిచేయదని, అది ఎమ్మారైలో తెలుస్తుందని బంధువొకరు చెప్పారు. ఇంట్లో ఆక్సీమీటర్ పెడితే అమ్మకు 98 చూపిస్తోంది. ఆ స్కాన్ చేయించాలా? సిలిండరు తెచ్చి ఇంట్లో పెట్టమంటారా? అమ్మకు చిన్న వయసు నుంచీ అడ్డచుట్ట అలవాటు ఉంది.
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరి వాక్యంలో ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ 98 సంగతి చూద్దాం.

ఆ అంకె ధమనుల్లో పారే రక్తానిది. కణితి లోపలి సంగతి దానికి తెలియదు. మీ ప్లాంటులో ట్యాంకు నిండుగా ఉన్నంత మాత్రాన చిట్టచివరి గొట్టం దాకా వాయువు అందుతోందని మీరు సంతకం పెట్టరు కదా, ఇదీ అంతే. కణితి హడావిడిగా పెరుగుతుంది. దానిలోని రక్తనాళాలు వంకరటింకరగా ఉంటాయి, కొన్ని మధ్యలోనే మూసుకుపోతాయి. నాళం నుంచి ఆక్సిజన్ సుమారు 150 మైక్రాన్ల దూరమే చేరగలదు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు. అంతకు మించి దూరంగా ఉన్న కణాలు చనిపోతాయి. చావుకూ బతుక్కూ మధ్య సరిహద్దులో ఉన్నవి ఊపిరాడకుండానే బతుకుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసి 1955లో థామ్లిన్‌సన్, గ్రే ఈ విషయం చెప్పారు.

మొండికేసేది ఆ సరిహద్దు కణాలే. రేడియేషన్ కణంలోని డీఎన్ఏను దెబ్బతీసినప్పుడు, పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ దెబ్బ శాశ్వతమవుతుంది. లేకపోతే కణం కోలుకుంటుంది. ఆక్సిజన్ బొత్తిగా లేని కణాన్ని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. మీ బంధువు చెప్పిన మాటలో నిజం ఉంది.

ఇక ఎమ్మారై. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుంది, ఆక్సిజన్ పట్టుకున్నదాన్ని ఆకర్షించదు. పౌలింగ్, కోరియెల్ దీన్ని 1936లోనే కనుగొన్నారు. 1990లో సెయిజి ఒగావా ఈ తేడాను ఎమ్మారై చిత్రంలో చూపించారు. అయితే ఈ పద్ధతి నాళంలోని రక్తం గురించి మాత్రమే చెబుతుంది, నాళమే లేని చోటు గురించి ఏమీ చెప్పలేదు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది రెండో పద్ధతి. మామూలు గాలి పీలుస్తుండగా కొన్ని చిత్రాలు తీస్తారు. తర్వాత ముఖానికి మాస్కు పెట్టి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తూ అదే చోటును మళ్లీ తీస్తారు. ప్లాస్మాలోనూ కణజాలంలోనూ అదనంగా కరిగిన ఆక్సిజన్ కూడా చిన్నపాటి అయస్కాంతమే, అందుకే అది చేరిన చోట సంకేతం కాస్త పెరుగుతుంది. ఆకలిగా ఉన్న చోట మాత్రం వచ్చిన ఆక్సిజన్‌ను ఖాళీ హిమోగ్లోబిన్ లాగేసుకుంటుంది, కరగడానికి ఏమీ మిగలదు. రక్తం అందుతున్నా సంకేతం మారని ఆ భాగాలే ఆక్సిజన్ కొరత ఉన్నవని అంచనా వేస్తారు. సూది గుచ్చే పని లేదు, రేడియేషన్ లేదు. కొన్ని నిమిషాల పని.

అయినా మీరు ఈ స్కాన్ కోసం పరుగెత్తవద్దు. ఇది ఇప్పటికీ ప్రధానంగా పరిశోధనల్లో వాడుతున్న పద్ధతి. దీన్ని చూసి అందరికీ మోతాదు మార్చే స్థితి ఇంకా రాలేదు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. ఇలాంటి పరిశోధన ఏదైనా జరుగుతోందా అని అక్కడ అడగండి. దీనికోసం వైద్యాన్ని మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

సిలిండరు వద్దు. 98 శాతం నిండిన హిమోగ్లోబిన్ ఇంకెంత మోస్తుంది? పైగా చుట్ట వెలిగే ఇంట్లో ఆక్సిజన్ ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పాలా!

ఇప్పుడు ఆ చుట్ట. మన ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అమ్మలను, అమ్మమ్మలను వృత్తిలో ఉన్నన్నాళ్లూ చూశాను. అంగిలి తెల్లగా మందమెక్కి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలతో ఉంటుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు ఆక్సీమీటర్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు, కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఆక్సిజన్ లెక్కలోనే వేస్తుంది. అమ్మగారికి చూపిస్తున్న 98లో కొంత ఇదే కావచ్చు. చుట్ట మానేస్తే నాలుగైదు గంటలకు అందులో సగం వదిలిపోతుంది. ఏ యంత్రమూ లేకుండా కణితికి ఆక్సిజన్ పెంచే మార్గం మీ ఇంట్లోనే ఉంది. ఆమెను తిట్టకండి. అన్నేళ్ల అలవాటు మానడం కష్టం. నికోటిన్ బిళ్లల గురించి డాక్టరును అడగండి, నోటి పుండ్లు ఉంటే అతికించే పట్టీలు మేలు.

ప్రశ్న: మా అత్తయ్యకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రేడియేషన్‌కు ముందు రక్తం ఎక్కించారు. నీరసానికేనా?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: నీరసం ఒక్కటే కారణం కాదమ్మా. ఈ క్యాన్సర్‌లో హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవారిలో రేడియేషన్ ఫలితం తగ్గుతుందని చాలాకాలంగా గమనించారు. చాలాచోట్ల అది 10 గ్రాముల కంటే తగ్గకుండా చూస్తారు. చికిత్స జరిగినన్నాళ్లూ క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించి, ఆ కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టండి. రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు మాత్రం ఎవరో చెప్పారని వేయించవద్దు. రేడియేషన్ తీసుకుంటున్న తల, మెడ క్యాన్సర్ రోగులకు వాటిని ఇచ్చి చూసిన ఒక పరిశోధన 2003లో వెలువడింది. వాళ్ల హిమోగ్లోబిన్ పెరిగింది కానీ, క్యాన్సర్ అదుపు మరింత దెబ్బతింది.